డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, పేరు తేలని కీళ్ళవాపు

హైదరాబాదులో హుస్సేన్‌సాగరు కట్ట దిగువన, లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు మొదలుకొని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల వరకు పరచుకొన్న వీధులలో మందుల దుకాణాలకు కొదవ లేదు. ఆ దుకాణాలలో మెథోట్రెక్సేటు అనే చిన్న పసుపుపచ్చని మాత్ర అమ్ముతారు. చేతివేళ్ళ కణుపులు వాచి, తెల్లవారి లేవగానే పిడికిలి ముడవడానికి రాక వైద్యుని దగ్గరకు పోయినవారికి, వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకొమ్మని మరీమరీ చెప్పి వ్రాసి యిచ్చే మందు అది. దానికి తోడు ఫోలిక్ ఆసిడ్ అనే మరొక మాత్ర కూడా చీటీ మీద ఉంటుంది. ఈ రెండు పదార్థాలనూ మొట్టమొదట కృత్రిమంగా తయారు చేసినది అమెరికాలోని ఒకే పరిశోధనశాల అనీ, ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన తెలుగువాడనీ ఎరిగి కొనేవారు బహు కొద్దిమంది.

ఆ తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కృషి కీళ్ళనొప్పులను ఉద్దేశించి సాగినది కాదు. రక్తహీనతకు మూలమేమిటని వెదుకబోతే ఒక విటమిను దొరికింది. ఆ విటమినుకు శత్రువును తయారు చేస్తే అది రక్తపు కాన్సరుకు మందయింది. ఆ శత్రువునే కొద్ది మోతాదులో ఇస్తే కీళ్ళవాపు తగ్గుతుందని స్థిరపడేసరికి ఆయన మరణించి నలభై సంవత్సరాలు కావచ్చింది.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంవల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో సంసారం ఇబ్బందులలో పడింది. పదమూడేళ్ళ వయస్సులో సుబ్బారావు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఆ బాలుని ఆలోచన! నిడదవోలులోనే పట్టుకొని వెనుకకు తీసుకొనివచ్చారు. ఆ తరువాత తల్లి పట్టుదల పట్టి చదివించింది. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థుడైనాడు. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి పెదవి విరిచే ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి ఒకసారి తలచుకొంటే మంచిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. నేడు లోయర్ ట్యాంక్‌బండ్‌కు చేరువగా దోమల్‌గూడలో ఏ సంప్రదాయపు మఠం ఉన్నదో, ఆ సంప్రదాయంలోనే సన్యసించి సేవ చేయాలని యువకుడైన సుబ్బారావు కోరిక. తల్లి అంగీకరించలేదు. మఠంలోని పెద్దలు కూడా తల్లి అనుమతి లేనిదే సన్యాసం కుదరదన్నారు. రోగులకు సేవ చేయాలనుకొంటే వైద్యం నేర్చుకొమ్మని సలహా యిచ్చారు. ఆ విధంగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమయింది. చదువుకు మామగారి సహాయం ఆసరా అయింది.

అవి గాంధీజీ ఖద్దరు పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడుక్కొని వెళ్ళారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది గిట్టలేదు. ఆ ఆగ్రహ ఫలితంగానే ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం రాక, తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కిందని జీవిత చరిత్రకారులు చెప్పుతారు. దానితో మద్రాసు వైద్య సర్వీసు తలుపులు మూసుకొనిపోయినవి. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించే పనిలో కుదురుకొన్నారు.

ఈ మధ్యకాలంలోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో సంగ్రహణి వ్యాధికి బలి అయినారు. ఇంగ్లీషు వైద్యులు దీనిని స్ప్రూ అంటారు. నోరు పూస్తుంది, నీళ్ళ విరేచనాలు పట్టుకొంటాయి, తిన్నది ఒంటికి పట్టదు, నెత్తురు నానాటికి పలుచబడి మనిషి శుష్కించిపోతాడు. సుబ్బారావును కూడా ఆ వ్యాధి పట్టింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బయటపడ్డారు. తాను బ్రదికాడు, అన్నదమ్ములు పోయారు. ఈ రోగంలో నెత్తురు ఎందుకు క్షీణిస్తుందో నాటి వైద్యంలో ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న ఆయనను జీవితాంతం వెన్నాడింది.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సహాయ వాగ్దానం, మామగారు కూర్చిన సొమ్ము కలిసి 1920 దశకం తొలి సంవత్సరాలలో ఆయనను బోస్టను నగరం చేర్చినవి. భార్యను, తల్లిని విడిచి కొన్ని సంవత్సరాలలో తిరిగి రావాలని వెళ్ళినవారు మరి తిరిగి రాలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదువుతూ, పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి కడిగే పని చేశారు. పట్టం పుచ్చుకొన్న తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు.

అక్కడ ఆయన చేసిన మొదటి ఘనకార్యం మందు కాదు, ఒక కొలత. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో తేల్చడానికి నాడున్న పద్ధతులు చాలా శ్రమతో కూడినవి, తప్పులకు ఆలవాలమైనవి. ఫిస్క్, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతిలో భాస్వరాన్ని ఒక రసాయనంతో కలిపి నీలిరంగు తెప్పిస్తారు. రంగు గాఢతనుబట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. చూడడానికి చిన్న సంగతి. కాని వైద్య విద్యార్థులు తరతరాలుగా ఆ ఇద్దరి పేర్లతోనే ఈ పరీక్షను నేర్చుకొన్నారు. కొలత చేతికి వచ్చిన తరువాత అంతకుముందు కంటికి కనబడనివి కనబడసాగినవి. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా దాని జాడ తీశారు. 1929లో ఎ.టి.పి. అని నేడు ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థి చదివే అడినోసిన్ ట్రైఫాస్ఫేటును ఫిస్క్, సుబ్బారావులు వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరంలో స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. జీవకణం ఏ పని చేయాలన్నా ఖర్చు పెట్టే నాణెం ఎ.టి.పి. ఈ అడినోసిన్ అనే మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. కీళ్ళ ప్రసంగంలో మళ్ళీ రావలసిన మాట అది.

1930లో డాక్టరేటు వచ్చినది గాని, దానికి తగిన హోదా మాత్రం రాలేదు. ఆ ప్రయోగశాలలోనే పని చేసి, అనంతరకాలంలో నోబెల్ బహుమానం పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలను ఇతరులు ఏళ్ళ తరువాత మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందనీ, ఆయన పని వెలుగు చూడకపోవడానికి ఫిస్క్ అసూయే కారణమై ఉండవచ్చుననీ చెప్పాడు. సుబ్బారావు మాత్రం తన పేరు కోసం పెనుగులాడిన దాఖలా లేదు. 1926లో మైనాట్, మర్ఫీ అనే అమెరికను వైద్యులు పచ్చి కార్జము తినిపించి ప్రాణాంతకమైన ఒక రక్తహీనతను నయం చేశారు. కార్జములో ఉన్న ఆ సంజీవని ఏమిటని సుబ్బారావు వెదకనారంభించారు. అన్నదమ్ములను తీసుకొనిపోయిన రోగంలోనూ నెత్తురే గదా క్షీణించింది!

హార్వర్డులో స్థిరమైన పదవి రాక, 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. కొద్దికాలానికే పరిశోధనకంతకూ డైరెక్టరైనారు. అక్కడ సాగిన పని ఒక్కరి పని అనడం సత్యం కాదు. స్టాక్‌స్టాడ్, హచింగ్స్, వాలర్, సీగర్ మొదలైన రసాయన శాస్త్రజ్ఞులు ఎందరో ఉన్నారు. ఏ పదార్థం వెంట పడాలో నిర్ణయించి, ఆ పనికి మనుషులను కూర్చి, రాత్రింబవళ్ళు వెంట ఉండి నడిపించినవాడు సుబ్బారావు. ఫలితాలు ప్రకటించే వ్యాసాలమీద పలుమార్లు తన పేరు లేకుండా సహచరుల పేర్లే ఉండనిచ్చేవాడు. లోకం ఆయనను మరచిపోవడంలో ఆయన చేయి కూడా కొంత ఉన్నది.

ఫోలిక్ ఆసిడ్ కథ మన దేశంలోనే మొదలయిందనవచ్చు. 1928 తరువాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టుతో చేసిన చవుక పదార్థంతో అది కుదురుతుందని చూపింది. ఆ పదార్థంలోని గుణమేదో తెలియదు. 1941లో పాలకూర నుండి తీసిన ఒక అంశానికి ఫోలిక్ ఆసిడ్ అనే పేరు వచ్చింది. 1945లో లెడర్లీ బృందం దాని నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారు చేసి ప్రకటించింది. ఆ వెంటనే అమెరికను వైద్యుడు టామ్ స్పైస్ దానిని సంగ్రహణి రోగులకు ఇవ్వగా, వారి నెత్తురు తిరిగి పట్టింది. 1948లో అదే పరిశోధనశాల నుండి డగ్గర్ అనే శాస్త్రజ్ఞుని కృషివల్ల ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. ఉష్ణమండల సంగ్రహణికి వైద్యులు ఇప్పటికీ ఇచ్చేవి ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్‌లే. పురుషోత్తం, కృష్ణమూర్తులకు అందని రెండు మందులూ తోబుట్టువు పర్యవేక్షణలోనే తయారైనవి. బోదకాలు వ్యాధికి గోదావరి మండలాలలో ఊరూరా పంచిన డైఇథైల్ కార్బమజైన్ సైతం 1947లో వెలువడిన లెడర్లీ మందే.

ఇక ఆ విటమినుకు శత్రువు సంగతి. బోస్టను బాలల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్, రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థాలిస్తే వ్యాధి తగ్గకపోగా విజృంభిస్తున్నట్లు గమనించాడు. అయితే ఆ విటమినును కణాలకు అందకుండా చేస్తే ఏమవుతుంది? ఫోలిక్ ఆసిడ్ రూపంలోనే ఉండి, దాని స్థానం ఆక్రమించి, దాని పని మాత్రం చేయని పదార్థాలను లెడర్లీ శాస్త్రజ్ఞులు తయారు చేసి పంపారు. తాళంలో దూరి తిరగని దొంగ తాళపుచెవి వంటివి అవి. వాటిలో ఎమినాప్టెరిన్ అనేదానిని ఫార్బర్ 1947 చివర ప్రయోగించాడు. 1948 జూన్‌లో ప్రకటించిన వివరం ప్రకారం పదహారుమంది పిల్లలలో పదిమందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే. అయినా ఆ వ్యాధికి మందు అనేది ఒకటి ఉండగలదని అంతకుముందు ఎవరూ నమ్మలేదు. ఎమినాప్టెరిన్‌కు తమ్ముడు, దానికంటే నిలుకడ గలది, ఎమెథాప్టెరిన్. దానికే తరువాత మెథోట్రెక్సేటు అనే పేరు స్థిరపడింది.

1948 ఆగస్టు 9వ తేదీ తెల్లవారేసరికి సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించి ఉన్నారు. వయస్సు యాభైమూడు. అమెరికా పౌరసత్వం పుచ్చుకోలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. భార్య శేషగిరి పాతికేళ్ళుగా ఆంధ్రదేశంలో ఎదురు చూస్తూనే ఉన్నది.

నెల తిరిగిన పిమ్మట, 1948 సెప్టెంబరులో, మేయో క్లినిక్కులో ఫిలిప్ హెంచ్ ఒక కీళ్ళవాత రోగికి కార్టిజోన్ ఇచ్చాడు. మంచంలోనుండి లేవలేని మనిషి కొద్ది రోజులకే లేచి నడవడం చూచి లోకం నివ్వెరపోయింది. 1950లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ కోలాహలంలో 1951లో గబ్‌నర్ అనే న్యూయార్కు వైద్యుడు ఎమినాప్టెరిన్‌తో కీళ్ళవాతం తగ్గుతున్నదనీ, సోరియాసిస్ అనే చర్మవ్యాధి కూడా తగ్గుతున్నదనీ వ్రాసిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. కాన్సరుకు వాడే విషాన్ని కీళ్ళనొప్పికి ఇవ్వడమేమిటని భయం కూడా ఒక కారణం. కార్టిజోన్ మాత్రం ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారడం, చక్కెర వ్యాధి, ముఖం ఉబ్బడం వంటి అనర్థాలు తెచ్చిపెడుతుందని అనుభవంమీద తెలిసివచ్చింది. చర్మవైద్యులు మెథోట్రెక్సేటును కాపాడుతూ వచ్చారు. 1985లో అమెరికాలో జరిగిన పరీక్షలలో దాని గుణం నిస్సందేహంగా రుజువైన మీదట, 1988లో రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌కు, అంటే సామాన్యంగా మనవారు ఆమవాతం అనేదానికి, ఆ దేశ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హిచింగ్స్‌కు నోబెల్ వచ్చినది ఆ సంవత్సరమే.

మందు చరిత్ర అంతవరకు ఒక దారి. రోగాన్ని గుర్తించడం మరొక దారి, అది ఇంకా కఠినమైనది. కీళ్ళవాపుతో వచ్చిన ప్రతివారికీ తొలిరోజుననే ఇది ఫలానా వ్యాధి అని పేరు పెట్టడం సాధ్యం కాదు. అరుగుదలవల్ల వచ్చే నొప్పి పని చేసినకొద్దీ పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. లోపల తాపం వల్ల వచ్చే వాపు దీనికి విరుద్ధం. ప్రొద్దున లేచేసరికి కీళ్ళు బిగిసి ఉండి, అరగంటో గంటో గడిస్తేగాని సడలవు. కదిలించేకొద్దీ కొంత సుఖం. వ్రేళ్ళ మొదళ్ళను అడ్డంగా పట్టి నొక్కితే ప్రాణం జివ్వుమంటుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు కూర్చొని చదివే యువకుడు గాని, నల్లబల్లమీద వ్రాసే ఉపాధ్యాయురాలు గాని ఇది వ్రాతపనివల్ల వచ్చిన నొప్పి అనుకొని నెలలు గడిపివేయడానికి అవకాశమున్నది. ప్రమాదమంతా ఆ నెలలలోనే ఉన్నది.

వైద్యుడు ముందు చేసేది ఒక్కొక్క అనుమానాన్ని తీసివేయడం. ఇటీవల జ్వరం వచ్చినదా? 2006లో చికున్‌గున్యా రాష్ట్రమంతటా ప్రబలినప్పుడు జ్వరం పోయినా కీళ్ళు నెలల తరబడి వాచి ఉండడం హైదరాబాదువారికి అనుభవమే. తలలో గాని మోచేతులమీద గాని పొలుసులు రాలే మచ్చలున్నవా, గోళ్ళలో గుంటలున్నవా? ఉంటే సోరియాసిస్ సంబంధం. ఎండ తగిలితే ముఖంమీద ఎర్రని దద్దు, నోటిలో పుండ్లు ఉంటే లూపస్. కాలి బొటనవ్రేలు రాత్రికి రాత్రి నిప్పులా మండితే గౌటు. ఒకే కీలు మెల్లమెల్లగా వాస్తే మన దేశంలో క్షయను మరువరాదు. తరువాత రక్తపరీక్షలు. తాపం ఎంత ఉన్నదో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. చెప్పుతాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ప్రతిపదార్థాన్ని 1940లో నార్వే దేశీయుడు వాలర్ మొదట వర్ణించాడు. సుబ్బారావు మరణించిన సంవత్సరమే అమెరికాలో రోజ్ అనే ఆయన దానిని మళ్ళీ కనుగొన్నాడు. అది ఆరోగ్యవంతులలోను కొందరికి ఉంటుంది, రోగులలో కొందరికి ఉండదు. 1998 తరువాత వాడుకలోకి వచ్చిన ఆంటి సి.సి.పి. పరీక్ష అంతకంటే నమ్మదగినది.

ఇన్నీ చూచిన తరువాత కూడా కొందరి వ్యాధి ఏ పేరుకూ ఒదగదు. వాపు ఉన్నమాట నిజం, దాని వెనుక తాపం ఉన్నమాట నిజం. రుమటాయిడ్ అనడానికి లక్షణాలు చాలవు, మరొకటి అనడానికి గుర్తులు లేవు. అటువంటిదానిని వైద్యులు ఇంకా తేలని కీళ్ళవాపుగానే వ్రాసుకొంటారు. ఇలాంటివారిలో ఇంచుమించు మూడవవంతు మందికి అది రుమటాయిడ్‌గా పరిణమిస్తుంది. రమారమి సగంమందికి దానంతటదే అణగిపోతుంది. మిగిలినవారికి వేరొక పేరు తేలడమో, ఏ పేరూ లేకుండా సాగడమో జరుగుతుంది. 1987 నాటి ప్రమాణాలు ముదిరిన రోగాన్ని గుర్తించడానికి పనికివచ్చేవి. ఎక్స్‌రేలో ఎముక కొరుకుడుపడిన గుర్తు కూడా వాటిలో ఒకటి. ఎముక తినివేయబడిన పిమ్మట పేరు పెట్టి ప్రయోజనమేమి? అందుచేతనే 2010లో అమెరికా, ఐరోపా నిపుణులు కలిసి ప్రమాణాలను సడలించి, అంతకుముందు తేలనివారిలో కొందరిని తొలిదశలోనే పట్టుకొనే వీలు కల్పించారు. వాపు కనిపించిన ఆరు వారాలలోపల కీళ్ళ వైద్యునికి చూపాలనీ, వ్యాధి నిలిచిపోయే సూచనలుంటే పేరు తేలకపోయినా మూడు నెలలలోపల మందు మొదలు పెట్టాలనీ ఐరోపా సంఘం సలహా. ఆ మొదటి మందు సాధారణంగా మెథోట్రెక్సేటే. అది పట్టు చిక్కించుకొనడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక, ఆ మధ్యకాలానికి మాత్రం హెంచ్ మందు జాతివైన స్టీరాయిడ్లను కొద్ది మోతాదులో ఆసరాగా ఇస్తారు.

మందు ఇచ్చి ఊరుకొంటే చికిత్స కాదు. గుణాన్ని కొలవాలి. దీనికి ఇరువదియెనిమిది కీళ్ళ లెక్క ఒకటి ఉన్నది: భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, చేతివ్రేళ్ళ కణుపులు ఇరువది, మోకాళ్ళు రెండు. వీటిలో ఎన్ని వాచినవి, ఎన్ని నొక్కితే నొచ్చుతున్నవి, ఇ.ఎస్.ఆర్. ఎంత, రోగి తన బాధను తానే ఎంతగా గుర్తు పెట్టుకొన్నాడు అనే నాలుగింటినీ కలిపి ఒక అంకె తేల్చుతారు. అది 2.6కు లోబడితే వ్యాధి అణగినట్లు. పాదాలు ఈ లెక్కలోకి రావు. అది దీని లోపం. మంచి వైద్యుడు చెప్పులు విప్పించి చూడక మానడు. రెండవ కొలత మందు చేసే హానికి సంబంధించినది. రక్తకణాల సంఖ్య, కాలేయపు పరీక్ష, మూత్రపిండాల పరీక్ష మొదట్లో కొద్ది వారాలకొకసారి, కుదురుకొన్నాక రెండు మూడు నెలలకొకసారి చేయించాలి. మద్యం కూడదు. గర్భిణికి ఈ మందు నిషిద్ధం. బిడ్డను కనదలచిన స్త్రీ ముందుగానే వైద్యునితో చెప్పి మానవలసి ఉంటుంది. హిచింగ్స్ పరిశోధనశాలలో పుట్టిన ట్రైమెథోప్రిమ్ కూడా ఫోలిక్ ఆసిడ్ శత్రువే. మూత్రంలో మంటకని సల్ఫాతో కలిపి వాడే ఆ మందును మెథోట్రెక్సేటుతో పాటు మ్రింగితే మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోగలవు. ఒకే గదిలో పనిచేసినవారి కృషి ఫలాలు రోగి దేహంలో కలియకూడనివి కావడం విచిత్రం!

అన్నింటికంటె పెద్ద ప్రమాదం మరొకటి. వారానికొకసారి వేసుకోవలసినదానిని పొరపాటున రోజూ వేసుకొని ప్రాణం పోగొట్టుకొన్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. చీటీమీద వారం పేరు స్పష్టంగా వ్రాయించుకొని, ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచడం దీనికి సులువైన విరుగుడు. మెథోట్రెక్సేటు వేసుకొనే రోజు విడిచి మరొక రోజున వేసుకొనే ఫోలిక్ ఆసిడ్ నోటిపూతను, వికారాన్ని, కాలేయపు చెరుపును తగ్గిస్తుంది.

పేరు తేలని దశలోనే ఈ మందు ఇస్తే రుమటాయిడ్‌ను రాకుండా ఆపవచ్చునా? హాలెండులో 110 మందిమీద చేసిన పరీక్ష ఫలితం 2007లో వెలువడింది. ఒక సంవత్సరం పాటు సగంమందికి మెథోట్రెక్సేటు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండున్నర సంవత్సరాల చివర మందు తీసుకొన్న 55 మందిలో 22 మందికి, తీసుకోనివారిలో 29 మందికి రుమటాయిడ్ వచ్చింది. ఆంటి సి.సి.పి. ఉన్నవారిలో తేడా ఇంకా స్పష్టంగా ఉన్నది. అయితే ఐదేళ్ళు గడిచేసరికి ఆ తేడా చెరిగిపోయింది. వాయిదా వేయగలిగిందే గాని మాన్పలేదన్నమాట. ఎవరికి ఎంతకాలం ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అనేది ఒక్కొక్క రోగిని చూచి తేల్చుకోవలసిందే.

విటమినుకు శత్రువైన మందును ఇస్తూ ఆ విటమినునే తిరిగి ఇస్తే మందు పని చెడదా అని విద్యార్థికి సందేహం రావడం న్యాయం. కాన్సరుకు ఇచ్చే భారీ మోతాదులలో అయితే సమయం చూచి విరుగుడుగా ఇవ్వాలి. కీళ్ళకు ఇచ్చేది వారానికి పదో, పదిహేనో, మహా అయితే ఇరువదియైదో మిల్లీగ్రాములు. ఆ కొద్ది మోతాదులో ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డగించడం ఒక్కటే దాని కిటుకు కాదని అనంతర పరిశోధనలు తేల్చినవి. కణాల వెలుపల అడినోసిన్ అనే పదార్థం పెరిగేటట్లు చేసి, దాని ద్వారా తాపాన్ని అణచుతుందని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయం. ఆ అడినోసిన్‌లో కొంత భాగం కణం బయటకు వదలిన ఎ.టి.పి. విరగడంవల్ల పుట్టుతుంది. 1929లో బోస్టనులో ఫిస్క్, సుబ్బారావులు కండరంనుండి వేరు చేసినది ఆ ఎ.టి.పి.నే.